‘ఊ’కు ఆకరం

ముప్ఫై ఏళ్ళ పైచిలుకు నేను చేసిన ఉద్యోగాన్ని మా ఆవిడ ఒక్క ముక్కలో చెప్పేసేది: "రాజులు ఎక్కడ కాపీ కొట్టారో ఈయన పట్టుకుంటారు." ప్రభుత్వం వారు దానికి ఇంకో పేరు పెట్టి, జీతం కూడా ఇచ్చారు.

మా ప్రాంతపు పాత సంస్థానాల్లో రాజులు తీరిక దొరికినప్పుడల్లా వచనం రాశారు. రాజధర్మం మీద, వేట మీద, గుర్రాల మీద, ఏనుగుల జబ్బుల మీద. వాళ్ళకు తీరిక బాగానే దొరికేది. ఆ వచనంలో ప్రతి వాక్యం వెనకా ఏదో ఒక సంస్కృత శ్లోకం నక్కి ఉంటుంది. దాన్ని ఆకరం అంటాం. అచ్చులో రాజుగారి వాక్యం పైన, ఆకరం అడుగున చిన్న అక్షరాల్లో. ఆ చిన్న అక్షరాలే నా జీవితం.

మీలో ఎవరైనా ఈ పనిలోకి కొత్తగా వచ్చి ఉంటే ఒక రహస్యం చెబుతాను. సంస్కృతంలో దేనికైనా ఆకరం దొరుకుతుంది. "వాన పడితే తడుస్తాము" అన్నా దొరుకుతుంది. నా సర్వీసు మొత్తం మీద దొరకనిది ఒక్కటే. అది వాక్యం కూడా కాదు, ఒక్క అక్షరం.

విజయనగరంలో మందపాటి గోడల పాత భవనం ఒకటి మా ఆఫీసు. 2014 తుఫానుకు ముందు ఏడాది, చీపురుపల్లి అవతలి పల్లె నుంచి ఒక పెద్ద రైతు గోనెసంచీలో కాగితాల కట్ట తెచ్చి మా అధిపతిగారి బల్ల మీద పెట్టాడు. పసుపు పూసి ఉంది. విప్పి చూస్తే సుమారు రెండు వందల ఏళ్ళ కిందటి ఒక రాజుగారు రాజధర్మం మీద చెప్పిన వచనం. ఆ సంస్థానం పేరు చెప్పను. వారసులు ఉన్నారు. వాళ్ళ దగ్గర ఇప్పుడు తుపాకులు లేకపోయినా వకీళ్ళున్నారు.

"ఇది మీ ఇంటికెలా వచ్చిందయ్యా?" అన్నారు అధిపతిగారు.

"ఎవలో తెచ్చి మా అరుగు మీద ఎట్టీసి ఎల్పోనారంట బాబూ, మా తాతల తాతల నాడు. రాజుగోరి కొలువు కాయితాలంట. మాలో సదివినోడు ఎవడూ నేడు కదా, దేవుడి గూట్లో ఎట్టి పసుపు రాసీవోళ్ళం."

"మరి మేం నీకేం చెయ్యాలి?"

"ఒక్క మాట సూసి సెప్పండి. మావోడు నిద్దరపోనాడా, నేదా?"

మావోడంటే ఆ ఇంటి పూర్వీకుడు. రాజుగారి కొలువులో ఉండేవాడట. ఒక మధ్యాహ్నం రాజుగారు మాట్లాడుతుండగా ఎదురుగా కూర్చుని తూగాడట. రాజుగారు పట్టుకుపొమ్మన్నారట. ఇంటికి మళ్ళీ రాలేదు. ఆ రోజు నుంచి ఊళ్ళో ఆ ఇంటి పేరు పోయింది, తూగేవోళ్ళిల్లు అయింది. కుప్పలు నూర్చే రోజుల్లో కళ్ళం కాపలాకు ఆ ఇంటి మగవాళ్ళను పిలవరు. "ఆలనొద్దురా, దొంగొచ్చి దుప్పటి కప్పినా నెగరు" అంటారు. రెండు వందల ఏళ్ళు గడిచినా ఈ హాస్యం పాతబడలేదు. పల్లెల్లో మంచి హాస్యాన్ని పారేయరు.

"కొలువులో ఏం చేసేవాడు?" అని నేనడిగాను.

"కూకునేవోడంట."

"కూర్చుని?"

"కూకునే."

నేను ఆ వివరం రాసుకున్నాను. అలాంటి ఉద్యోగాలు ఇప్పుడూ ఉన్నాయి కనుక అనుమానం రాలేదు.

ఆ పెద్దాయనకు రెండు అలవాట్లుండేవి. నలుగురిలో కునుకు తీసేవాడు కాదు. బస్సులో సీటిచ్చినా కూర్చోడు, కూర్చుంటే కన్ను మూతపడుతుందేమోనని. రెండోది, ఊ అనేవాడు కాదు. మనం చెబుతుంటే ఊ కొట్టకుండా కళ్ళప్పగించి చూస్తుండేవాడు. ఫోనులోనైతే మరీ ఇబ్బంది. లైను తెగిందనుకుని "హలో, ఉన్నారా?" అంటే, "ఉన్నానండీ, సెప్పండి" అని వెంటనే పలికేవాడు.

"ఊ అనరేం?" అన్నాను ఒకసారి.

"మా ఇంట ఎవలూ అనరు. ఎందుకంతే నాకు తెల్దు. మా మామ్మ మూతి మీద కొట్టీది."

మా మామ్మ దానికి సరిగ్గా ఎదురు. కథ చెబుతూ నేను ఊ కొట్టకపోతే ఆపేసేది. "మనిసి ఊ కొట్టకపోతే ఇంకేటో కొడతాదిరా" అనేది. నిద్రపుచ్చడానికి ఇంతకన్నా పనికిమాలిన మాట ఇంకోటి ఉండదు.

ఇక రాతప్రతి. అందులో ఒక వింత ఉంది. దాదాపు ప్రతి వాక్యం చివరా ఒక గీత, గీత పక్కన ‘ఊ’ అనే అక్షరం. మా అధిపతిగారు గొప్ప పండితులు, ఈ మాట నేను హాస్యానికి అనడం లేదు. ఆయన వారం రోజులు ఆలోచించి చిక్కుముడి విప్పారు. రెండు చోట్ల రాతగాడు ఉత్త ‘ఊ’ కాకుండా ‘ఊహు’ అని రాశాడు. రాతప్రతుల్లో వత్తులూ దీర్ఘాలూ పోవడం మామూలే. కనుక అది ‘ఊహ్యము’. ఊహించి తెలుసుకోవలసినది అని. అంటే రాజుగారు ప్రతి వాక్యానికీ "దీని ఆకరం చదువరి ఊహించుకోవలెను" అని గుర్తు పెట్టారన్నమాట. పైగా మొదటి ‘ఊహు’ ఉన్న చోట నాకు అప్పటికి ఆకరం దొరకలేదు. "చూశావా! ఆకరం దొరకని చోట మాటను పూర్తిగా రాశాడు!" అన్నారు అధిపతిగారు, కుర్చీలోంచి లేచి. రాజుగారి ఊహ్యపద్ధతి మీద నలభై పేజీల పీఠిక తయారైంది. నేను ఒక్కొక్క ‘ఊ’కీ ఒక్కొక్క ఆకరం వెతికి పెట్టాను. దొరికాయి. చెప్పాను కదా, దొరుకుతాయి.

పెద్దాయన ప్రశ్నకు మాత్రం జవాబు దొరకలేదు. నిద్రపోయిన సేవకుడి ప్రస్తావన గ్రంథంలో ఎక్కడా లేదని రాసి పంపాను. పుస్తకం ప్రూఫుల దాకా వచ్చింది. అప్పుడు తుఫాను వచ్చింది.

దాని సంగతి మీకు తెలుసు, లేదా మీ ఇంట్లో వాళ్ళకు తెలుసు. నేను చెప్పేది దాని తరవాతి నిశ్శబ్దం గురించి. కరెంటు లేదు. ఫ్యాన్లు లేవు, మోటార్లు లేవు. చెట్లు పోయాయి కనుక కాకులు కూడా లేవు. ఎక్కడికి పోయాయో! మా భవనంలో మధ్యాహ్నం పూట కాగితం తిప్పితే పక్క గదిలోకి వినబడేది. కంప్యూటరు పని చేయదు కనుక పాత పద్ధతిలోకి దిగాం. ఒకరు రాతప్రతిని పైకి చదవాలి, ఒకరు ప్రూఫు చూసుకోవాలి.

చదివేది మా డీటీపీ అమ్మాయి. అమ్మాయి అంటున్నాను గాని ఇద్దరు పిల్లల తల్లి, ఎమ్మే తెలుగు. భావనపాడు దగ్గర సముద్రంలో చేపల వేట మీద బతికే ఇంటి పిల్ల. కిటికీ వెలుగు ఒక్కరికే సరిపోయేది. దాన్ని ఆమెకు వదిలేసి నేను కళ్ళు మూసుకుని వినేవాణ్ణి. గ్రంథం నాకు ఇంచుమించు నోటికి వచ్చు, తేడా వస్తే చెవికి తెలుస్తుంది. ‘ఊ’లు చదవక్కర్లేదమ్మా, అవి గుర్తులు అన్నాను. ఆమె వదిలేసి చదువుతోంది.

కొంతసేపటికి ఆపింది.

"సార్, మీరు ప్రూఫు సూత్తన్నారా?"

"లేదమ్మా. వింటున్నాను."

"మరి నేను సదవకపోయినా ‘ఊ’ ఎక్కడుందో మీకెలాగ తెలుస్తంది?"

"నాకేం తెలుసు?"

"మీరు ఊ అంతన్నారు సార్. ఈ కాయితంలో ఊ ఉన్న సోటే అంతన్నారు. లేని సోట ఊరుకుంతన్నారు. ఇందాకట్నుంచీ ఒక్కటీ తప్పు పోనేదు."

అంటున్నానని నాకే తెలియదు. ఎవరైనా చెబుతుంటే ఊ కొట్టడం చిన్నప్పటి అలవాటు. ఇంకో కాగితం చదవమన్నాను. ఈసారి అనకూడదని నోరు బిగించాను. ఆమె చదివింది. ఒకచోట వాక్యం వాలింది, ఆమె ఊపిరి తీసుకుంది, నా గొంతులో ఆవులింతలా ఏదో పైకి వచ్చింది. ఆపుకోలేకపోయాను.

"ఊ."

"ఉన్నాది సార్," అంది ఆమె. ఆ మాట అంటున్నప్పుడు కాగితం వైపు చూడలేదు, గుమ్మం వైపు చూసింది.

రాజుగారు ఎదురుగా ఒక మనిషిని కూర్చోబెట్టుకుని చెప్పారు. రాతగాడు చెవిన పడ్డదంతా రాశాడు. ఆ మనిషి ఉద్యోగం కూకుని ఊ కొట్టడమే. ఏడాది పాటు నేను ఆకరాలు చూపించింది ఒక మనిషి గొంతులోని ఊకి.

"సార్, ఆ ‘ఊహు’ ఉన్న కాయితం తీద్దామా?" అందామె.

తీశాం. అది దాయాదుల ప్రకరణం. దాయాదిని ఎలా చూసుకోవాలో అప్పటి దాకా రాజుగారు శ్లోకాలను నీడలా అనుసరించారు. పంక్తిన కూర్చోబెట్టుకోవాలి, కంటికి ఎదురుగా ఉంచుకోవాలి, ఇలా. ప్రతిదానికీ ఊ ఉంది, నా ఆకరమూ ఉంది. ఈసారి ‘ఊ’లతో సహా అన్నీ చదవమన్నాను. ఆమె తన సహజమైన గొంతుతో చదివింది.

"దాయాదికి సముద్రస్నానము ప్రియమైనచో, పడవ యడుగు పలక వదులు చేయించుట కష్టము గాదు. సముద్రము సాక్ష్యము చెప్పదు."

ఆగి, "ఊహూఁ," అంది.

రాతలో ఉన్నది ‘ఊహు’. ఆమె నోట్లోకి వచ్చేసరికి దానికి దీర్ఘం వచ్చింది, మూలుగు వచ్చింది, తల అడ్డంగా ఊగింది. కంటితో చదివితే అది ఊహ్యము. నోటితో చదివితే మన ఇళ్ళల్లో రోజూ వినబడే మాట. కాదు. వద్దు. ఒప్పుకోను.

ఆ వాక్యాలను మేమంతా చెడ్డ రాజు గురించిన దృష్టాంతం అనుకున్నాం. రాజులు రాసిన పుస్తకాల్లో చెడ్డ రాజు ఎప్పుడూ వేరే రాజే. ఈ రాజుగారి తమ్ముడు భావనపాడు రేవులో పడవ మునిగి పోయాడన్నది మా జిల్లాల్లో అందరికీ తెలిసిన కథ, చిన్న అల కూడా లేని రోజున.

"పలక వదులైతే ఒడ్డున తెల్దు సార్," అంది ఆమె మెల్లగా. "లోపలికి పోయినాకే తెలుస్తాది."

"తరవాతిది చదువు."

"ఏమి, నిదురించితివా?"

ఈ వాక్యాన్ని నేను ఆత్మప్రబోధంగా తీసుకుని ఒక ఉపనిషద్వాక్యాన్ని ఆకరంగా చూపించాను. దాని పక్కన మళ్ళీ ‘ఊహు’ ఉంది. ఆమె చదివింది.

"ఊహూఁ."

ఆ కింద, అజ్ఞానాన్ని తీసుకుపొమ్మన్నారని నేను అర్థం చెప్పుకున్న వాక్యం: "నిదురపోయినాఁడు. తీసికొనిపొండు."

ఆమె కాగితం బల్ల మీద పెట్టింది. తరవాత ఆమె నవ్వబోయింది. "మా బావ పెళ్ళి చేసుకుంతావా అన్నప్పుడు నేనూ ఊహూఁ అనే అన్నాను సార్. ఆడూ ఊహ్యం అనుకున్నాడు." ఇద్దరం నవ్వాం. ఆ గదిలో ఆ నవ్వు వినడానికి బాగాలేదు.

తరవాతి కాగితం తిప్పింది. "ఇప్పుడెవ్వరును లేరు. ఐనను చెప్పెదను," అని రాజుగారు మళ్ళీ మొదలుపెట్టారు. గుర్రాల మేత గురించి. వాక్యం చివర గీత ఉంది. గీత పక్కన ‘ఊఁ’ ఉంది.

అరసున్నతో. అంతకు ముందున్న ‘ఊ’ల్లో ఒక్కదానికీ అరసున్న లేదు. ఇక్కడి నుంచి చివరిదాకా అన్నిటికీ ఉంది. పీఠికలో అధిపతిగారు దీన్ని లేఖకుని నిలకడలేమి అన్నారు. గుమ్మం తలుపు వేద్దామా అని నేనడిగాను. వద్దు సార్, తీసే ఉంచుదాం అంది ఆమె. నడి మధ్యాహ్నం. బయట ఎండ కాల్చేస్తోంది.

అధిపతిగారికి చెప్పాను. ఆయనకు కోపం రాలేదు, వస్తే బాగుండేది. "గ్రంథంలో నౌకరు మూలుగులు అచ్చు వేస్తామా?" అన్నారు. "అవి తీసేసి పాఠం శుద్ధం చేస్తే పోలేదా?"

"తీసేస్తే అతను నిద్రపోయినట్టేనండి," అన్నాను. "అతను మెలకువగా ఉన్నాడనడానికి లోకంలో ఉన్నది ఆ రెండు అక్షరాలే. ఆ రైతు అడిగింది అదొక్కటే."

ఆయన లేచి మా గదిలోకి వచ్చి, ఆ అమ్మాయిని ఆ కాగితం చదవమన్నారు. విన్నారు. రెండోసారి చదవమన్నారు. "నేను దీన్ని ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఒక్కసారీ పైకి చదవలేదు," అన్నారు. పోతూ పోతూ గుమ్మంలో ఆగి, "నా పీఠిక ఇంక ఊహ్యం," అన్నారు. ఆయన జీవితంలో వేసిన హాస్యం, నాకు తెలిసి, అదొక్కటే.

రోడ్ల మీద చెట్లు తీశాక పెద్దాయన తనే వచ్చాడు. మేం బతికున్నామో లేదో చూసిపోదామని.

"ఏటి మాస్టారూ, రాజుగోరు తడిసిపోనారా?"

"లేదు. కూర్చోండి. మీవాడి సంగతి తేలింది."

నిలబడే ఉన్నాడు. అమ్మాయి చదివింది. సముద్రము సాక్ష్యము చెప్పదు. ఊహూఁ. ఏమి, నిదురించితివా? ఊహూఁ. ఏది ఎవరి మాటో నేను వేలు పెట్టి చూపించాను. చదువు రాకపోయినా ఆయన ఆ రెండు అక్షరాలనూ చాలాసేపు చూశాడు.

"ఇంకోపాలి సదువమ్మా."

చదివింది.

"నిద్దరపోనావా అని ఆయనడిగితే, నేదని మావోడు సెప్పినాడు."

"అవును."

"మెలకువగా ఉండే సెప్పినాడు."

"మెలకువగా ఉన్నందుకే తీసుకుపోయారు," అన్నాను.

తుండుగుడ్డ భుజం మీంచి తీసి మొహం తుడుచుకుని, అప్పుడు కూర్చున్నాడు. గోడవారన మా పాత చేతుల కుర్చీలో. మేం కాగితాలు సర్దుకుని చూసేసరికి తల వెనక్కి వాలింది, నోరు కొద్దిగా తెరుచుకుంది. గురక మొదలైంది. నలుగురిలో కన్ను మూయని మనిషి, పట్టపగలు, ప్రభుత్వ కార్యాలయంలో. అక్కడ ఆ పని చేసినవాళ్ళలో మొదటివాడు కాకపోయినా, హక్కున్నవాడు ఆయనొక్కడే.

లేపలేదు. చివరి కాగితం ఒక్కటే సరిచూడటం మిగిలింది. అమ్మాయి గొంతు తగ్గించి చదివింది. ఆ కాగితంలో రాజుగారి మాటలు పొట్టివైపోయాయి. గుర్రాలు లేవు, శ్లోకాలు లేవు. ఆఖరి వాక్యం ఇది:

"ఇంకను వినుచున్నావా?"

దాని పక్కన గీత ఉంది. గీత పక్కన ఏమీ లేదు. రాజుగారు ఎంతసేపు ఎదురుచూశారో తెలియదు. అడుగున రాతగాడి మాట: "విన్నదెల్ల వ్రాసితిని. విననిది వ్రాయలేదు." రాతగాళ్ళు ఇలాంటివి రాస్తూనే ఉంటారని నేను దాన్ని ఎప్పుడూ పట్టించుకోలేదు. ఆ కట్టను ఆ అరుగు మీద పెట్టి వెళ్ళింది ఎవరో నాకు అప్పుడు తెలిసింది.

అమ్మాయి ఆ ప్రశ్న చదివి ఊపిరి తీసుకుంది. అప్పుడు ఆ గదిలో ఎవరో, ముక్కుతో, నింపాదిగా అన్నారు.

"ఊఁ."

నేను కాదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. ఆమె కాదు. నిద్రలో మనిషి ఊ అనవచ్చు, ఆ మాత్రం నాకూ తెలుసు. కానీ ఆ పెద్దాయన గురక ఆగలేదు. ఊఁ అన్నప్పుడు కూడా దాని కింద గురక వినబడుతూనే ఉంది.

చాలాసేపటికి ఆమె పెన్సిలు తీసుకుంది.

"సార్, ఇదీ ఎక్కించమంతారా?"

మీరైతే ఏమనేవారో నాకు తెలియదు. నేను రాతగాడి మాట చూశాను. విన్నదెల్ల.

పుస్తకం వచ్చింది, పీఠిక లేకుండా. కొన్నాళ్ళకు పెద్దాయనకు ఫోను చేశాను. ఈసారి కళ్ళం కాపలాకు ఊరంతా వచ్చి ఆయన్ని పిలిచారట.

"వెళ్ళారా?"

"నేదు బాబూ. ఇప్పుడు నిద్దరొస్తంది."

అటు నుంచి ఊ లేదు. హాయిగా అనిపించింది.

ఆ పుస్తకం మీ కాలేజీ లైబ్రరీలో ఏ మూలో ఉండే ఉంటుంది. దొరికితే చివరి పేజీ తీసి చూడండి. రాతప్రతిలో లేని ఒక ‘ఊఁ’ అచ్చులో ఎక్కువ ఉంటుంది. దాని మీద చిన్న చుక్క. పేజీ అడుగున, నా చిన్న అక్షరాల్లో, నా సర్వీసులో ఒకే ఒక్కసారి రాసిన మాట:

ఆకరం తెలియలేదు.